మే నెలను తట్టుకునే మిద్దె తోట: హన్మకొండ డాబా మీది నుంచి పూర్తి గైడ్

పొద్దుగాల ఫోన్ తెరిస్తే ఇవే ప్రశ్నలు. "అక్కా, బీర తీగ డాబా అంతా పాకింది కానీ ఒక్క పిందె నిలుస్తలేదు." "గ్రో బ్యాగులు 30 తెచ్చినం, మట్టి ఎక్కడ దొరుకుతది?" "మే నెలలో అన్నీ మాడిపోయినయి, మళ్ల పెట్టాలంటే మనసొస్తలేదు." ఒక్కొక్కరికి విడివిడిగా టైప్ చేసుడు నాతోని అయితలేదు, అందుకే అంతా ఒక్క కాడ రాస్తున్న. మిద్దె తోట ఎంత మంచిదో చెప్పి మీ టైం తినను, పెట్టుడు ఎట్లనో మాత్రమే చెప్తా.

ఒక్కటి ముందే అనుకుందాం. మనోళ్లు చాలామంది మిర్గం వాన పడంగనే ఉషారుగ మొదలుపెడ్తరు. ఆ వానకి కట్టె పాతినా చిగురేస్తది, అందులో మన గొప్పేం లేదు. అసలు సంగతి మే నెలలో తెలుస్తది. వరంగల్, హన్మకొండ, కాజీపేటలో ఆ నెల 43, 44 డిగ్రీలు మామూలే, మధ్యాహ్నం స్లాబ్ మీద చెప్పుల్లేకుండ నిలబడలేం, మరి అదే స్లాబ్ మీద నల్ల బ్యాగు పెట్టి వేరును ఉడకబెడ్తున్నమని ఎవరికీ యాదికుండదు. అందుకే కింద చెప్పేదంతా, కుండీ ఏ మూలకు పెట్టాలె అన్న కాడి నుంచి, మే నెలను చూసుకుని చెప్తున్న.

1. ఏమీ కొనకముందు మూడు రోజులు డాబా ఎక్కి దిగండి

ఇది పైసా ఖర్చు లేని పని, అందుకే ఎవరూ చెయ్యరు. మూడు రోజులు పొద్దున 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి పైకి పోయి ఎండ ఎక్కడ పడుతుందో చాక్‌పీస్ తోని గీత గీయండి. కాయగూరలకు కనీసం 6 గంటల ఎండ కావాలె, ఆకుకూరలకు 3, 4 గంటలున్నా నడుస్తది.

ఒక చిన్న మెలిక ఉంది. చలికాలం సూర్యుడు దక్షిణం దిక్కుకు వంగి ఉంటడు, అప్పుడు దక్షిణం వైపు 3 అడుగుల పిట్టగోడ నీడ మధ్యాహ్నం పూట కూడా రెండున్నర అడుగుల దాకా లోపలికి పడ్తది. మే నుంచి జూలై దాకా అదే కాడ నెత్తి మీది ఎండ. అంటే దక్షిణం గోడ పక్కన పెట్టిన టమాట డిసెంబర్లో ఎండ చాలక సన్నగ సాగుతది. ఆ గోడ కింద పుదీన, కొత్తిమీర, పాలకూర పెట్టుకోండి, టమాటను నడుమకు జరపండి.

చూసుకోవాల్సినవి:

☐ నల్లా పైన ఉందా? లేకుంటే ముందు ప్లంబర్‌ని పిలిచి ట్యాంకు నుంచి ఒక ట్యాప్ తీయించండి. బకెట్లు మోసే తోట రెండు నెలలకు మించి నడవదు, నాది నడవలే.
☐ వాననీళ్లు ఏ మూలకు వాలుతయి, పైపు మూతి ఎక్కడుంది
☐ కింద బీములు, గోడలు ఎటు పోయినయి (కింది ఇంట్ల సీలింగ్ చూస్తే తెలుస్తది)
☐ కోతులు ఎటు నుంచి వస్తయి
☐ అపార్ట్‌మెంట్ అయితే మిగతా ఫ్లాట్లోళ్ల ఒప్పుకోలు, కిరాయి ఇల్లయితే ఓనర్ మాట

2. బరువు లెక్క, భయం లేకుండ

మనిషి ఎక్కి తిరిగే డాబాకు మన దగ్గర డిజైన్ చేసేటప్పుడు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కేస్తరు. ఇప్పుడు 12 ఇంచుల వెడల్పు 12 ఇంచుల ఎత్తు గ్రో బ్యాగు తీసుకోండి, దాంట్ల 21 లీటర్ల మట్టి పడ్తది, తడిసినంక దగ్గరదగ్గర 25 కిలోలు తూగుతది. ఒక చదరపు మీటరుకు 4 బ్యాగులంటే 100 కిలోలు, మీరు నడవనీకి కూడా జాగ ఉంటది. 15 ఇంచుల బ్యాగులైతే ఒక్కోటి 50 కిలోలు, చదరపు మీటరుకు రెండు చాలు.

అసలు ప్రమాదం ఇటుకలతోని కట్టే మడులతోని. 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, ఒక అడుగు లోతు మడి అంటే 250 లీటర్ల పైన, తడిసినంక 300 కిలోలు. అది బీము మీదనో గోడ మీదనో పడాలె తప్ప స్లాబ్ నడిమిట్ల పడొద్దు. నిమ్మ, జామ డ్రమ్ములు కూడా అంతే, మూలలకు, పిల్లర్ల పైకి. ఇల్లు పాతదైతే, సీలింగ్ ల పగుళ్లుంటే, ఇంజినీర్‌కి చూపించకుండ ఒక్క డ్రమ్ము కూడా ఎక్కియ్యొద్దు.

లీకేజీ గురించి ఎక్కువ చెప్పేది లేదు. కుండీని స్లాబ్ మీద నేరుగ పెట్టొద్దు, ఇటుకలో ఇనుప స్టాండో పెట్టి నాలుగు ఇంచులు లేపండి. కింద గాలి ఆడాలె, చీపురు పోవాలె. ఇది లీకేజీకీ మందే, మే నెల వేడికీ మందే. పగుళ్లుంటే తోట పెట్టకముందే వాటర్ ప్రూఫింగ్ చేయించండి, పెట్టినంక 40 బ్యాగులు జరిపి చేయించుడంటే ఎవరూ చెయ్యరు.

3. కుండీలు: ఎన్ని, ఏవి

మొదటి సంవత్సరం 10. పదే. "పది బ్యాగులకు ఏం వస్తది అక్కా" అంటరు, పదింటిని బతికించనోళ్లు నలభైని బతికియ్యరు కాబట్టి పది.

- ఆకుకూరలకు: 24 ఇంచుల వెడల్పు, 9 ఇంచుల ఎత్తుండే వెడల్పు బ్యాగులు 3. పాత ప్లాస్టిక్ టబ్బులు, పగిలిన కూలర్ ట్రేలు కూడా నడుస్తయి.
- మిరప, వంకాయ, టమాట, బెండ: 12 లేదా 15 ఇంచులవి 5
- తీగలకు: 15 ఇంచులకు తక్కువ కాకుండ 2

నల్ల బ్యాగులు ఎండను గుంజుతయి. తెలుపో లేత రంగో ఉన్నవి చూసుకోండి, నల్లవే దొరికితే బయట పాత గోనె బస్తా చుట్టండి. బియ్యం బస్తాలు వాడేటోళ్లు చాలామంది ఉన్నరు, అవి మన ఎండకు తొందరగనే పొడిపొడి అయి ఆ ప్లాస్టిక్ దారాలు మట్టిలో కలుస్తయి, నాకు నచ్చదు. పెయింటు డబ్బాలు బాగా కడిగితే ఫస్ట్ క్లాస్. కింద రంధ్రాలు ఒక్కటి కాదు, 5, 6 ఉండాలె, వాటి మీద పెంకు ముక్కో కొబ్బరి పీచో వేస్తే మట్టి కారిపోదు.

4. మట్టి: ఇక్కడ తొందరపడితే ఏడాదంతా బాధ

మన జిల్లాల్లో మట్టి తెచ్చుడు కష్టం కాదు, ఏ మట్టి తెస్తున్నమో చూసుకునుడే కష్టం. నల్లరేగడి పొలానికి మంచిది, కుండీకి కాదు. తడిస్తే బంకలెక్క అయితది, ఎండితే రాయిలెక్క పగిలి పక్కలకు సందు వస్తది, పోసిన నీళ్లన్నీ ఆ సందుల నుంచి కిందికి పోతయి, మొక్కకు చుక్క దొరకదు. చెల్క ఎర్రమట్టి తీసుకోండి. ఇల్లు కట్టే కాడ తవ్విన మట్టి ఫ్రీగ వస్తదని తెచ్చుకోకండి, దాంట్ల సిమెంటు, సున్నం ఉంటది.

నేను కలిపే పాళ్లు, బకెట్ల లెక్కలో:

- ఎర్రమట్టి 4 బకెట్లు
- బాగా మాగిన పశువుల పెంట లేదా వర్మీ కంపోస్టు 3 బకెట్లు
- నానబెట్టి కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) 2 బకెట్లు
- దొడ్డు ఇసుక 1 బకెట్
- 12 ఇంచుల బ్యాగుకు ఒక గుప్పెడు వేపపిండి

కోకోపీట్ ఇటుకలెక్క గట్టిగ వస్తది, 5 కిలోల దిమ్మ నానితే 60 లీటర్ల పైన అయితది. దాన్ని నీళ్లు మార్చి రెండుసార్లు పిండండి, ఉప్పు ఉంటది దాంట్ల.

"బాగా మాగిన" అన్న మాట మీద ఆగండి జర. నా రెండో ఏడాది ఒక డెయిరీ కాడ రెండు ట్రాలీల పెంట తెచ్చిన, ఆయన "ఆరు నెలల సరుకు మేడం" అన్నడు, నేను చెయ్యి పెట్టి చూడలే. ఆగస్టు కల్లా వంకాయ చెట్లు నీళ్లున్నా వాలిపోవుడు మొదలైంది. తెగులేమో అని ఏవేవో కొట్టిన. చివరికి ఒక బ్యాగు బొక్కబోర్ల దించి చూస్తే వేర్ల నడుమ బొటనవేలంత లావు తెల్ల పురుగులు, సగం చుట్ట చుట్టుకొని, ఒక్క బ్యాగులోనే ఏడు. వేరు పురుగు. పచ్చి పెంటలో గుడ్లతోని సహా నేనే పైకి మోసుకొచ్చిన. ఆ వారం మొత్తం 22 బ్యాగులు దించి ఏరిన.

మాగిన పెంట ఎట్ల గుర్తుపట్టాలె:

☐ చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగ, నల్లగ ఉండాలె
☐ పెండ వాసన రావొద్దు, వాన పడిన మట్టి వాసన రావాలె
☐ కుప్పలోకి చెయ్యి పెడితే వేడి తగలొద్దు
☐ గడ్డి పోచలు పోచల్లెక్కనే కనబడొద్దు

అనుమానం ఉంటే పట్ట మీద పలుచగ పరిచి రెండు మూడు రోజులు ఎండబెట్టి జల్లెడ పట్టండి. కాకులు, గోరింకలు వచ్చి పురుగులు ఏరుకుంటయి, వాటిని కొట్టకండి.

మట్టి నింపినంక వెంటనే విత్తనం వెయ్యొద్దు. నీళ్లు పోసి వారం పది రోజులు వదిలెయ్యండి, మట్టి రెండు ఇంచులు కిందికి దిగుతది, పైన మళ్ల కలిపి నింపండి.

5. ఎప్పుడు ఏం పెట్టాలె

వానకాలం (జూన్ రెండో వారం నుంచి): బెండ, గోకర (గోరుచిక్కుడు), బీర, సొర, కాకర, దొండ తీగ, వంకాయ, మిరప, పుంటికూర. అంటే గోంగూర, మా దిక్కు అట్లనే అంటం.

యాసంగి (అక్టోబర్ నుంచి జనవరి): టమాట, క్యాబేజీ, గోబిపువ్వు, ముల్లంగి, క్యారెట్, చిక్కుడు, కొత్తిమీర, మెంతెం కూర, పాలకూర. కొత్తగ మొదలుపెట్టేటోళ్లకు నా సలహా ఇదే సీజన్. పురుగు తక్కువ, నీళ్లు తక్కువ, మీ తప్పులను ఓర్చుకుంటది.

ఎండకాలం: తోటకూర, బచ్చలి, గంగవాయిలి కూర, పుంటికూర, బెండ, గోకర. ఇవి తప్ప వేరేవి పెట్టి బాధపడకండి. మేలో కొత్తిమీర మొలిపిస్తా అని పంతం పట్టినోళ్లను చూసిన, మొలుస్తది కూడా, నాలుగు ఆకులేసి పూతకొస్తది.

బంతి మాత్రం మర్చిపోవద్దు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మకు సొంత పువ్వు కావాలంటే ఆ తేదీ నుంచి 75 రోజులు వెనక్కి లెక్కేసుకుని నారు పొయ్యండి. బంతి వేర్లు మట్టిలో ఉండే నులిపురుగులను కూడా తగ్గిస్తయి, అందుకే టమాట, వంకాయ బ్యాగుల నడుమ పెడ్త.

6. విత్తుడు, నారు

విత్తనం ఎంత మందం ఉంటే దానికి రెండింతల లోతు, అంతకు మించొద్దు. మొలకలు రాలేదు అన్న వంద మందిలో సగం మంది లోతుగ పూడ్చినోళ్లే.

- ధనియాలు: చెప్పుతోనో చపాతి కర్రతోనో నలిపి రెండు పప్పులు చేసి, ఒక రాత్రి నానబెట్టి వేయండి. నలపకుంటే సరిగ మొలవయి.
- బెండ: రాత్రంతా నానబెట్టి నేరుగ బ్యాగులోనే, ఒక కాడ రెండు గింజలు. మొలిచినంక ఒకటి తీసెయ్యాలె, పాపం అనుకోవద్దు.
- కాకర: తోలు గట్టిగుంటది. కొసను గోరుకత్తెరతోని కొంచెం కత్తిరించి ఒక రోజు నానబెట్టండి.
- తోటకూర, గంగవాయిలి: గింజ సన్నగుంటది, పిడికెడు ఇసుకలో కలిపి చల్లండి, పైన మట్టి కప్పినట్టు కప్పీ కప్పనట్టు.
- టమాట, వంకాయ, మిరప: ట్రేలో నారు పోసి 25, 30 రోజులకు సాయంత్రం పూట నాటండి. పొద్దున నాటితే ఆ రోజు ఎండకే సగం ప్రాణం పోతది.

చీమలు గింజలు ఎత్తుకపోతుంటే కుండీ చుట్టూ బూడిద చల్లండి.

కోతకు వచ్చే రోజులు అంచనాకు: మెంతి 25, తోటకూర 30, పాలకూర 35, కొత్తిమీర 40, బెండ 45 నుంచి 50, నాటిన కాడి నుంచి టమాట, వంకాయ 65 రోజులు అటూ ఇటూ.

7. నీళ్లు: ఎక్కువ పోసి చంపేటోళ్లే ఎక్కువ

వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఇయ్యాల నీళ్లు వద్దు. అంతే రూలు. టైమర్ పెట్టుకుని రోజూ రెండు మగ్గులు అన్న లెక్క వానకాలంలో వేర్లు కుళ్లబెడ్తది. ఆకు పసుపు పట్టంగనే నీళ్లు చాలలేదని ఇంకా పోస్తరు, చాలాసార్లు అది నీళ్లు ఎక్కువై పసుపు పట్టింది.

12 ఇంచుల బ్యాగుకు చలికాలం రోజుకు ఒక లీటరు సరిపోతది, మేలో రెండున్నర దాకా పోతది. అంటే 40 బ్యాగులున్నోళ్లకు మేలో రోజుకు 100 లీటర్లు. మీ బోరు ఏప్రిల్ లో ఎండే బోరైతే ఎన్ని బ్యాగులు పెట్టాలె అన్నది ఆ లెక్కతోనే తేల్చుకోండి.

ఆర్‌వో ఫిల్టర్ నుంచి బయటికొచ్చే నీళ్లు నేరుగ పొయ్యొద్దు, ఉప్పు పేరుకుంటది. ఏసీ నీళ్లు పొయ్యొచ్చు. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు బంగారం, కాకపోతే ఆ రోజుయి ఆ రోజే. బోరు నీళ్లతోని మట్టి మీద తెల్ల పొర కడితే పై ఇంచు మట్టి గీకి తీసేసి కంపోస్టు వేయండి.

8. కిచెన్ చెత్త నుంచి ఎరువు

మూతున్న బకెట్లు రెండు. పక్కలకు, అడుగుకు రంధ్రాలు. ఒకటి నిండేలోపు రెండోది మాగుతది.

అడుగున ఎండుటాకులు ఒక పొర. పైన కూరగాయల తొక్కలు, చాయ్ పత్తి, పూజ పూలు. మళ్ల ఎండుటాకులు. తడి చెత్త ఒక డబ్బా వేస్తే పొడి ఆకులు రెండు డబ్బాలు, ఈ ఒక్కటి తప్పితే కంపు కొడ్తది, పెట్టిన నెలకు ఇంట్లోళ్లు బకెట్ బయట పారేస్తరు. మొదట్ల రెండు గ్లాసుల పుల్ల మజ్జిగ చల్లండి. వారానికోసారి కట్టెతోని కలియబెట్టండి. రెండు నెలలకు తయారు.

వండిన అన్నం, బొక్కలు, నూనె కూరలు వద్దు. తెల్ల పురుగులు కదులుతుంటే భయపడకండి, చెత్తను తినే పురుగులే అవి, పొడి ఆకులు ఎక్కువ వేస్తే తగ్గుతయి. కంపు కొడితే తడి ఎక్కువైంది. ఏమీ కాకుండ ఎట్లున్నది అట్లనే ఉంటే పొడి ఎక్కువైంది, నీళ్లు చిలకరించండి.

ఎండుటాకులు ఎక్కడివి అంటే, కాలనీ పార్కు ముంగట ఊడ్చి కుప్పపోసి కాలబెట్టేటప్పుడు పోయి ఒక బస్తా అడగండి, సంతోషంగ ఇస్తరు.

9. జీవామృతం, చిన్న కొలతలో

జీవామృతం అంటే ఆవు పెండ, మూత్రంతోని పులియబెట్టే నీళ్ల ఎరువు. ఎకరానికి చేసే 200 లీటర్ల కొలత మనకెందుకు. 20 లీటర్ల బకెట్‌కు:

- ఆవు పెండ 1 కిలో, తాజాది
- ఆవు మూత్రం 1 లీటరు
- బెల్లం 200 గ్రాములు
- శనగపిండి 200 గ్రాములు
- చెట్టు కింది మట్టి ఒక గుప్పెడు

నీళ్లు నింపి నీడకు పెట్టి, బట్ట కప్పి, పొద్దున సాయంత్రం కట్టెతోని తిప్పుతూ 48 గంటలు ఉంచండి. ఒకటికి పది పాళ్ల నీళ్లు కలిపి 15 రోజులకోసారి మొదళ్ల పొయ్యండి. వారం లోపల అయిపోగొట్టాలె. మూత గట్టిగ బిగించొద్దు, గ్యాస్ పట్టి పొంగుతది, మా మెట్లన్నీ ఒకసారి కడుక్కున్నం. అపార్ట్‌మెంట్ వాళ్లు దీని జోలికి పోకుండ కంపోస్టు, పల్లిచెక్క నీళ్లతోనే నడిపించండి, పక్క ఫ్లాట్ వాళ్లతోని కొట్లాట పెట్టుకునేంత గొప్పదేం కాదు.

10. తీగలు: పిందె ఎందుకు నిలవదు

ఇగో ఎక్కువమంది అడిగింది. సొర, బీర, కాకరకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద చిటికెన వేలు లెక్క చిన్న పిందె ముందే ఉంటది, మగపువ్వుకు వట్టి కాడ ఉంటది. మొదటి రెండు మూడు వారాలు అన్నీ మగపువ్వులే వస్తయి, రాలిపోతయి, అది రోగం కాదు, ఓపిక పట్టాలె.

తర్వాత ఆడపువ్వు వచ్చి కూడా పిందె పసుపు పట్టి రాలుతుందంటే పుప్పొడి అందలేదు. మూడో అంతస్తు మీదికి తేనెటీగలు తక్కువ రావొచ్చు. మనమే చెయ్యాలె, కానీ ఎప్పుడు చెయ్యాలె అన్న కాడ అందరూ తప్పుతున్నరు. బీర, సొర పూలు సాయంత్రం పూస్తయి. కాకర, గుమ్మడి, దోస పొద్దుగాల పూస్తయి. పొద్దున ఏడింటికి పోయి ముడుచుకున్న సొర పువ్వుకు బ్రష్ రాస్తే ఏం లాభం?

సాయంత్రం 6 దాటినంక పైకి పోండి. బీర పూలు పసుపుపచ్చగ అప్పుడే విచ్చుకుంటుంటయి. అప్పుడే విచ్చిన మగపువ్వు ఒకటి తెంపి, రెక్కలు వెనక్కి తీసేసి, నడుమనున్న పుప్పొడి ముద్దను వేలి మీద తాకించి చూడండి, పసుపు అంటాలె. దాన్ని ఆడపువ్వు నడిమిట్ల మెత్తగ రెండుసార్లు తిప్పండి. ఒక మగపువ్వుతోని రెండు మూడు ఆడపువ్వులు చెయ్యొచ్చు. నిలిస్తే నాలుగో రోజుకు పిందె కిందికి వంగి నిగనిగలాడుతది.

తీగ పందిరి ఎక్కినంక కొస గిల్లితే పక్క కొమ్మలొస్తయి, సొరకు ఆడపువ్వులు ఆ పక్క కొమ్మల మీదనే ఎక్కువ. పందిరికి సర్వి కట్టెలు, జీఐ వైరు, సుతిలి చాలు. కట్టెల మొదళ్లు ఇసుక నింపిన డబ్బాల్లో పాతండి, స్లాబ్ కు డ్రిల్ కొట్టొద్దు. ఏప్రిల్ గాలిదుమారానికి మా పందిరి ఒకసారి పక్కింటి డాబా మీదికి పోయింది, అప్పటి నుంచి నాలుగు మూలలు పిట్టగోడ కడ్డీలకు కడ్త.

11. పురుగులు, తెగుళ్లు

మందు కన్నా ముందు రోజూ ఆకు తిప్పి చూసే అలవాటు. కింది భాగంలనే సంసారం అంతా ఉంటది.

తెల్లగ దూది లెక్క ఉంటే పిండినల్లి: పాత టూత్‌బ్రష్ సబ్బునీళ్లలో ముంచి రుద్దండి. చీమలు పాకుతుంటే అవే దాన్ని మోస్తున్నయి, చీమల దారి ముందు ఆపండి.

చిక్కుడు కొసలకు నల్లగ పేనుబంక: పైపుతోని గట్టిగ నీళ్లు కొడితే సగం పోతది. మిగిలినదానికి లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు, సాయంత్రం మాత్రమే. ఎండలో కొడితే ఆకు కాలుతది.

బెండ ఆకు ఈనెలు పసుపు పట్టినయి అంటే పల్లాకు తెగులు. దానికి మందు లేదు. పీకి పారెయ్యండి, కంపోస్టులో కూడా వెయ్యొద్దు. దాన్ని మోసే తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు పెట్టండి.

మిరప ఆకు ముడత: పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెంటికీ ఒక్కటే మందు కొట్టి పని చేస్తలేదు అంటరు. తామర పురుగుకు నీలం జిగురు అట్ట, వేపనూనె. నల్లికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, అది కూడా చల్లపూట. వరంగల్ చపాట మిర్చి పెడ్త అనేటోళ్లు 15 ఇంచుల బ్యాగుకు ఒక్క మొక్కే పెట్టండి. తేలకుంటే రెండు ఆకులు కవర్లో వేసుకుని ములుగు రోడ్డు మీది వ్యవసాయ పరిశోధన స్థానంలో చూపించండి.

బీర, కాకర మీద పండు ఈగ: పిందె వేలంత ఉన్నప్పుడే పేపర్ కవరో పాత బట్టో తొడగండి. పుచ్చిన కాయలను చెట్టు కింద వదలొద్దు.

టమాట అడుగు నల్లబడి చెక్క కడుతున్నదంటే పురుగు కాదు. నీళ్లు ఒకరోజు వరదలెక్క, రెండు రోజులు కరువులెక్క పోసినందుకు కాల్షియం కాయకు అందక వస్తది. నీళ్లు సమానంగ పొయ్యండి.

12. కోతులు

దీనికి పుస్తకాల్లో జవాబు లేదు, మనకు మాత్రం ఇదే పెద్ద తలనొప్పి. మా డాబాకు గుంపు వస్తే 15కి తక్కువ రావు. టమాట కోసి ఒక కాటు కొరికి పారేసి ఇంకోటి కోస్తయి, కడుపుకు తిన్నా బాధ లేకపోవు.

బొమ్మ పాము, సీడీలు, పులి ఫ్లెక్సీ అన్నీ చూసిన, వారం రోజులు భయపడ్తయి తర్వాత ఆ ఫ్లెక్సీ కిందనే కూర్చొని పేన్లు చూసుకుంటయి. ప్లాస్టిక్ వల చింపుతయి. పైసలుంటే ఇనుప పైపుల ఫ్రేము వేసి రెండు ఇంచుల వెల్డెడ్ జాలి కొట్టించుడే పక్కా పని, దాని మీదనే షేడ్ నెట్ కూడా పడ్తది కాబట్టి ఒక్క ఖర్చుకు రెండు పనులు.

అంత వద్దనుకుంటే అవి పెద్దగ పట్టించుకోనివి పెట్టండి. మా కాడ పుంటికూర, మిరప, కాకర, పుదీన, గోకర మిగిలినయి. టమాటను రంగు తిరగంగనే కోసి ఇంట్ల బుట్టలో పెట్టుకోండి, లోపలనే పండుతది. పటాకులు, మందు పెట్టుడు అసలు వద్దు.

13. మార్చి నుంచే మే నెల పని

☐ మార్చి రెండో వారం కల్లా 50 శాతం గ్రీన్ షేడ్ నెట్, 7, 8 అడుగుల ఎత్తుకు. నెత్తికి తగిలేటట్టు కడితే దాని వేడే మొక్కకు తగుల్తది.
☐ బ్యాగులన్నీ దగ్గరికి జరిపి గుంపు చేయండి. పెద్దవి పడమర దిక్కు, చిన్నవి వాటి నీడకు. బరువు లెక్క మర్చిపోకుండ బీముల వెంబడి.
☐ మట్టి పైన రెండు ఇంచుల మందం ఎండుటాకులు లేదా వరిగడ్డి. పొలం కోసినంక ఊరి నుంచి రెండు కట్టలు తెచ్చుకుంటే సాలు.
☐ నీళ్లు పొద్దున 7 లోపల, సాయంత్రం 6 తర్వాత. పైపులో నిలిచిన నీళ్లు సలసల కాగి ఉంటయి, ముందు బకెట్‌లో వదిలి, చల్లగ వచ్చినంకనే మొక్కకు.
☐ ఏప్రిల్, మేలో ఎరువులు, కత్తిరింపులు, కుండీ మార్పులు బంద్.
☐ ముసలిదైన టమాట, బెండను ఏప్రిల్ ల పీకెయ్యండి. ఆ ఖాళీ మట్టిని తడిపి పలుచటి పారదర్శక ప్లాస్టిక్ కప్పి నాలుగు వారాలు ఎండకు వదలండి, ఎండనే మందు చేసుకున్నట్టు, పురుగు గుడ్లు, గడ్డి గింజలు చాలావరకు చస్తయి.

మధ్యాహ్నం ఆకులు వాలినయని పరుగెత్తి నీళ్లు పొయ్యకండి. మేలో మధ్యాహ్నం అన్నీ వాలుతయి. సాయంత్రం 7కి కూడా లేవకుంటే అప్పుడు ఆలోచించాలె.

14. నాటుకోళ్లు పెట్టొచ్చా?

తోటతోని పాటు రెండు కోళ్లు అని చాలామంది అడుగుతున్నరు. సొంతిల్లు, కింద ఖాళీ జాగ, పొద్దున నాలుగింటికి కూసే పుంజును భరించే పక్కింటోళ్లు ఉంటే పెట్టుకోండి. డాబా మీద మాత్రం వద్దు, మే నెల ఎండకు కోడి మొక్క కన్నా ముందు పోతది. గుడ్లకు పుంజు అవసరమే లేదు, పెట్టలు చాలు. కోడిపెంట నేరుగ కుండీలో వెయ్యొద్దు, వేడి చేసి చెట్టు కాలిపోతది, కంపోస్టులో మాగబెట్టినంకనే.

15. ఊరికి పోతే ఎట్ల?

దసరాకు నాలుగు రోజులు, జాతరకు మూడు రోజులు, పెండ్లిళ్ల సీజన్ల అయితే చెప్పే పని లేదు. బ్యాగులు నీడకు జరిపి, నిండ తడిపి, గడ్డి కప్పిపోతే చలికాలం మూడు రోజులు ఆగుతయి. రెండు లీటర్ల బాటిల్ మూతకు దబ్బనంతోని సన్నటి బొక్క పెట్టి బోర్లించి గుచ్చితే ఇంకో రోజు. ఎండకాలం ఇవేవీ పని చెయ్యవు, మనిషి కావాల్సిందే.

మేం కిందింటి పెద్దమ్మకు తాళంచెవి ఇచ్చి పోతం. ఏ బ్యాగుకు ఎన్ని మగ్గులో చాక్‌పీస్ తోని బ్యాగు ముంగట స్లాబ్ మీద అంకె రాస్త, 1, 2, 3, ఆమెకు కండ్లద్దాలు లేకున్నా కనబడేటంత పెద్దగ. వచ్చేసరికి పుంటికూర సగం కోసుకొని పోయి ఉంటది, నీళ్లు మాత్రం ఒక్క పూట తప్పదు.